ఓజెల్లా కాళ్ల చప్పుడు

సినిమా తార గ్లెన్నిస్ హార్వుడ్ పాదాలను పదకొండేళ్లు కడిగినదాన్ని నేను. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో వేలి సందూ రుద్ది తుడిచేదాన్ని. ఎడమ మడమకు ఆనెకాయ, కుడి బొటనవేలి గోరు పుచ్చు. పత్రికలవాళ్లు ఆ పాదాల గురించి ఏమేమో రాశారు. దేవుడు తీరిగ్గా కూర్చుని చెక్కాడనీ, అవి నేలను తాకితే సంగీతం పుడుతుందనీ. ఆ పుచ్చిన గోరు కంపు నాకు తెలుసు. ఆ సంగీతం ఆ కాళ్లది కాదనీ తెలుసు. అది మా ఓజెల్లా టాలివర్‌ది.

ఓజెల్లా వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క కంచె. లాస్ ఏంజిలస్‌లో నల్లవాళ్లుండే సెంట్రల్ అవెన్యూకి పక్క వీధి. వాళ్ల నాన్న రైలు పడక పెట్టెల్లో దొరలకు పక్కలు వేసి, బూట్లు తుడిచే ఉద్యోగి. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ నాలుగు రోజులూ అన్నం బల్ల మీద వేళ్లతో రైలు చప్పుడు వాయించేవాడు. వంతెన ఎక్కితే ఒకలా, మలుపు తిరిగితే ఇంకోలా. ఓజెల్లా బల్ల కింద కాళ్లతో జవాబు చెప్పేది. ఆమె కంటే రెండేళ్లు చిన్నవాడైన క్లోవిస్ అక్కను చూసి తనూ మొదలుపెట్టాడు. మేం ఎదిగే వయసులోనే ఆ నాన్న పోయాడు. తల్లి లూటీ నలుగురి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి పిల్లలిద్దరినీ పెంచింది. వీధంతా ఆవిడను లూటీ పిన్ని అనేవాళ్లం.

"క్లోవిస్‌ని చూడాలి, ఓజెల్లాని వినాలి," అనేది లూటీ పిన్ని.

నిజమే. క్లోవిస్ గాల్లోకి ఎగిరి రెండు కాళ్లూ బారజాపి నేల మీద పడి, చేతులు ఆనించకుండా లేచేవాడు. జనం ఈలలు వేసేవాళ్లు. ఓజెల్లా మాత్రం నిలుచున్న చోటు వదలకుండా, బూటు అడుగున ఉన్న ఇనప బిళ్ళలతో నేలను మాట్లాడించేది. చిరుజల్లు, గుర్రబ్బండి, గొణుక్కునే ముసలమ్మ, అన్నీ ఆ కాళ్లలోనే. ఇద్దరూ కలిసి ఆడితే కన్నూ చెవీ రెండూ నిండేవి. అవెన్యూ మీది నాట్యశాలల్లో టాలివర్ అక్కాతమ్ముళ్ల పేరు మోగిపోయింది. పంతొమ్మిది వందల ముప్ఫై ఆరులో ఒక సినిమా స్టూడియో మనిషి వచ్చి చూశాడు. అప్పటికే నేను అదే స్టూడియోలో గ్లెన్నిస్‌కి పనిమనిషిని.

మొదటి సినిమాలో ఒక పెద్ద హోటలు. క్లోవిస్ సామాన్లు మోసేవాడు, ఓజెల్లా మెట్లు తుడిచే పనమ్మాయి. ఆ మెట్ల మీద ఇద్దరిదీ రెండున్నర నిమిషాల డాన్సు. దానికి తొమ్మిది రోజులు సాధన చేశారు. షూటింగు మొదటి రోజు మేకప్ మనిషి ఓజెల్లా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. సంతలో ఆవును చూసినట్టు చూశాడు.

"ఈ రంగు చాలదు. తెర మీద తెల్లపిల్ల అనుకుంటారు. తెల్లపిల్ల ఆ నల్లవాడి పక్కన ఆడుతోందని గొడవైపోతుంది," అన్నాడు.

గిన్నెలో నల్లటి జిడ్డు కలిపి, బూటు పాలిష్ పూసినట్టు ముఖానికీ మెడకీ చేతులకీ పూశాడు. గంటన్నర పట్టింది. లైట్ల వేడికి ఆ పూత కరిగి మెడ మడతల్లోకి జారేది. మూడో రోజుకి చెవుల కింద దద్దుర్లు లేచి చీము పట్టింది. దాని మీదే మళ్లీ పూశారు.

"నల్లదాన్ని నల్లగా చెయ్యడానికి ఇంత కష్టపడుతున్నారు చూడవే ఎర్లీనూ," అని నాతో నవ్వబోయింది. మెడ తిప్పలేక ఆగిపోయింది.

భోజనశాలలోకి మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. వడ్రంగుల కొట్టం వెనక, చెత్త డబ్బాల పక్కన కూర్చుని తినేవాళ్లం. లూటీ పిన్ని పంపిన వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె మీద ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ రెండో చేత్తో తినాలి. లోపల తెల్లవాళ్లు తిని పారేసిన ఎంగిలి మా పక్కన పులిసిపోతూ ఉండేది.

అయినా సినిమా అవెన్యూకి వచ్చినప్పుడు అవన్నీ మరిచిపోయాం. వీధి వీధంతా కదిలింది. మెట్ల మీద ఆ ఇద్దరూ దిగుతుంటే హాల్లో ముసలివాళ్లు కూడా కుర్చీల మీదికెక్కారు. లూటీ పిన్ని కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూసింది.

తర్వాత నెలకి లూటీ పిన్ని తన అక్కకు జబ్బుగా ఉందని లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ వెళ్లింది. వాళ్ల సొంతూరు అదే. ఆ సినిమా అక్కడా ఆడుతోంది. పదకొండు మంది చుట్టాలను వెంటేసుకుని, పక్క సందులోంచి మనవాళ్లకు వేరుగా కట్టిన మెట్లెక్కి, బాల్కనీలో చెక్క బెంచీల మీద కూర్చుంది. తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పిన రోజు నేను వాళ్ల వంటింట్లోనే ఉన్నాను. ఎర్ర చిక్కుళ్ల అన్నం వడ్డిస్తూ, గరిటె గిన్నెలోనే వదిలేసి చెప్పింది.

"మీ డాన్సు రాలేదురా. హోటలు తలుపు కనబడింది, వెంటనే పడగ్గది వచ్చేసింది. నేను కునుకు తీశానేమో అన్నారు వెంట వచ్చినవాళ్లు. సరేనని రెండో ఆట కూడా కూర్చున్నాం. అప్పుడూ లేదు."

"కోసేశారమ్మా," అన్నాడు క్లోవిస్, తింటూనే.

"కొయ్యడమేంటి?"

"అక్కడి హాళ్లవాళ్లకి మనం గిట్టం. అందుకే మన డాన్సుకి కథతో సంబంధం పెట్టరు. మనం ఎవరితోనూ మాట్లాడం, ఎవరూ మనతో మాట్లాడరు. కత్తెరేసినా అతుకు కనబడకూడదని ముందే అలా తీస్తారు."

ఓజెల్లా తల ఎత్తింది. "నీకిది ముందే తెలుసా?"

"అందరికీ తెలుసక్కా."

"నాకు తెలీదు."

"తెలిస్తే నువ్వు ఆడేదానివా?"

లూటీ పిన్ని వాళ్లిద్దరి మాటలూ వినడం లేదు. "ఇంటికెళ్లి చెబితే మంచం మీదున్న మా అక్క ఏమందో తెలుసా? లూటీ, నీ పిల్లలు అక్కడ ఏం పని చేస్తున్నారో నిజం చెప్పు, మేం ఎవరితోనూ అనం అంది. చావుబతుకుల్లో ఉన్న మనిషి. నా కొడుకూ కూతురూ ఏదో పాడు పని చేస్తున్నారనుకుంటూనే పోయింది."

ఆ మాటకు క్లోవిస్ కూడా ముద్ద కింద పెట్టాడు.

రెండో సినిమాకి పిలుపు వచ్చినప్పుడు ఓజెల్లా వెళ్లింది. కానీ మేకప్ మనిషి గిన్నె తీయగానే కుర్చీలోంచి లేచింది. పూత లేకుండా అయితే ఆడతాను, లేకపోతే లేదు అంది. డైరెక్టరు సహాయకుడు వచ్చి విన్నాడు. వాదించలేదు, బతిమాలలేదు. క్లోవిస్ వైపు తిరిగి, "నువ్వొక్కడివే ఆడగలవా?" అన్నాడు.

నేను తలుపు దగ్గర గ్లెన్నిస్ గౌను మోస్తూ నిలబడ్డాను. ఓజెల్లా తమ్ముడి వైపు చూడను కూడా చూడలేదు. వాడు ఏమంటాడో ఆమెకు అనుమానం లేదు. వాడు తన బూట్లు చూసుకుంటూ, "ఆడగలనండి," అన్నాడు.

ఓజెల్లా తన సంచి తీసుకుని బయటికి నడిచింది. అక్కగా పుట్టాను కాబట్టి వాడి దారికి అడ్డుపడకూడదనుకుంది. ఆ రోజు వాడు ఆడిన తీరు నేను చూశాను. ఎగరడం, పడడం, లేవడం అన్నీ బాగున్నాయి. పళ్లన్నీ బయటపెట్టిన ఒక కొత్త నవ్వు మాత్రం ఇంటి దగ్గర ఎప్పుడూ చూడనిది.

ముప్ఫై తొమ్మిదిలో గ్లెన్నిస్‌ని డాన్సు చిత్రాల కథానాయికగా చేశారు. ఆవిడకు నడుమూ నవ్వూ ఉన్నాయి, లయ లేదు. డాన్సు సినిమాల్లో కాళ్ల చప్పుడు తర్వాత విడిగా రికార్డు చేస్తారు. తెర మీద బొమ్మ చూస్తూ, చెక్క పలక మీద మళ్లీ ఆడి చప్పుడు జతచెయ్యాలి. ఆవిడ మూడు రోజులు ఆడినా ఒక్క నిమిషం కుదరలేదు. మూడో రోజు మధ్యాహ్నం బూటు విప్పి నా మీదికి విసిరింది. ఇనప బిళ్ళ తగిలి నుదురు చిట్లింది. శబ్దం గది పెద్ద డన్‌లాప్ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నేనే అన్నాను, రుమాలుతో నెత్తురు అదుముకుంటూ.

"ఇది చెయ్యగలిగిన మనిషి ఒకతి ఉందండి."

ఓజెల్లాకి మేలు చేస్తున్నాననుకున్నాను. పని లేక మూడేళ్లుగా తల్లితో కలిసి ఇస్త్రీలు చేస్తోంది.

వెనక గేటు నుంచి తీసుకొచ్చారు. ఆమె తెర మీది బొమ్మను రెండుసార్లు చూసింది. మూడోసారి పలక ఎక్కి ఆడింది. గ్లెన్నిస్ తడబడిన చోట ఆమె చప్పుడు తడబాటును ముచ్చటగా మార్చింది. ఆలస్యమైన చోట కావాలనే ఆగినట్టు చేసింది. డన్‌లాప్ కళ్లు మూసుకుని విన్నాడు. గ్లెన్నిస్ మూల కుర్చీలో పౌడరు అద్దుకుంటూ, "చూశారా, నేను సరిగ్గా అలాగే చేశాను," అంది. వెళ్లేటప్పుడు తన పాత మేజోళ్లు ఒక జత ఓజెల్లాకి బహుమానంగా ఇచ్చింది. ఉతికినవి కావు. ఓజెల్లా వాటిని రెండు వేళ్లతో పట్టుకుని బయటికొచ్చి, చెత్త డబ్బా మూత తీసి లోపల వేసింది.

"రేపటి నుంచి రావా?" అన్నాను.

"వస్తాను. ఆ గదిలో నన్ను ఎవరూ చూడరుగా. చూడకపోతే పూత పుయ్యరు."

నాలుగేళ్లలో ఆరు సినిమాలు. గ్లెన్నిస్ పేరు హోటళ్ల గోడల మీద, సబ్బుల మీద, సైనికుల పెట్టెల మూతల లోపల. మా ఓజెల్లా పేరు ఎక్కడా లేదు. అవెన్యూ మీద మాత్రం వినగానే తెలిసిపోయేది. మంగలి దుకాణంలో ముసలి బాసిల్ ఒకసారి రేడియో ఆపి, "ఈ కాళ్లు ఆ తెల్లపిల్లవైతే నేను పోప్‌ని," అన్నాడు. అందరూ నవ్వారు. అవి ఎవరివో ఎవరూ పైకి అనలేదు.

నలభై మూడులో క్లోవిస్‌కి మాటలున్న వేషం దొరికింది. మనవాడు తెర మీద మాట్లాడతాడని వీధిలో పండుగలా ఉంది. శనివారం పగటి ఆటకి ఓజెల్లా, లూటీ పిన్ని, నేను ముందు వరసలో కూర్చున్నాం.

దయ్యాల కొంప కథ. క్లోవిస్ నౌకరు. దయ్యం తలుపు తడితే వీడి కనుగుడ్లు గిర్రున తిరుగుతాయి, పళ్లు టకటకలాడతాయి, మోకాళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. దొంగిలించిన కోడికాలు చొక్కాలోంచి జారిపడుతుంది. దాన్ని నేల మీంచి తీసి, దుమ్ముతో సహా నోట్లో కుక్కుకుంటాడు. భయంతో పిండి పీపాలో దూకి, తెల్లగా లేచి, "అయ్యగారూ, ఇప్పుడు నేనూ మీవాణ్నే," అంటాడు. అదే ఆ మాటలున్న వేషం.

హాల్లో కొందరు నవ్వారు, మనవాళ్లే. తర్వాత ఆ నవ్వూ పలచబడింది. ఓజెల్లా లేచి బయటికి నడిచింది. వెనకే వెళ్లాను. సందులో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటోంది. ఏమీ మిగలనంతవరకూ చేసుకుంది. లోపలి నుంచి వాడి పళ్ల చప్పుడు ఆ సందులోకి కూడా వినబడుతోంది.

మర్నాడు ఆదివారం, చర్చి అయ్యాక క్లోవిస్ కొత్త సూటు వేసుకుని భోజనానికి వచ్చాడు.

"చూశారా?" అన్నాడు.

"చూశాం," అంది ఓజెల్లా.

"అది నేను కాదక్కా. వేషం. నేను నవ్విస్తే వాళ్లు నవ్వుతారు, అంతే."

"నువ్వు కాకపోతే మరెవర్రా? ఆ మొహం మన నాన్నది. దాన్ని దుమ్ములో పొర్లించే హక్కు నీకెవరిచ్చారు?"

క్లోవిస్‌కి కోపం వచ్చింది. కోపంలో నిజం జారింది. "నీకేం తెలుసు? ఆ వేషం ఊరికే వచ్చిందనుకుంటున్నావా? నువ్వు నోరు విప్పకుండా శబ్దం గదిలో పని చేస్తూ ఉంటావని నేను మాటిస్తే ఇచ్చారు."

లూటీ పిన్ని చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టింది. ఓజెల్లా వాణ్ని చూసింది. తినే పళ్లెంలో బొద్దింక కనబడితే చూస్తామే, అలా.

"నా కాళ్లు నీవి కావు రా," అంది. "తినేసి వెళ్లు."

సోమవారం గ్లెన్నిస్ కొత్త సినిమాలో పెద్ద డాన్సుకి చప్పుడు జతచెయ్యాలి. ఓజెల్లా ఎప్పటిలాగే వచ్చింది. రెండుసార్లు చూసింది. పలక ఎక్కి మొదలుపెట్టింది. నేను గ్లెన్నిస్‌తో కలిసి గది చివర ఉన్నాను. మొదటి అరనిమిషంలోనే డన్‌లాప్ తన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి చూసుకున్నాడు, అవి పాడయ్యాయేమోనని.

గ్లెన్నిస్ కాలు ఆలస్యంగా పడితే చప్పుడూ ఆలస్యంగా పడుతోంది. ఆవిడ కాలు ఈడిస్తే ఇక్కడా ఈడుస్తోంది. తూలి నిలదొక్కుకున్న చోట, తప్పతాగినవాడు మెట్లు దిగుతున్నట్టు దబదబ. ఒక్క తప్పు కూడా వదల్లేదు. ఒక్కటి కూడా కలపలేదు.

"ఇదేంటి ఓజెల్లా?" అన్నాడు డన్‌లాప్.

"కనబడిందే వాయించానండి."

"ఇక్కడ రెండు దెబ్బలు పడాలి కదా."

"ఆవిడ ఒకటే వేసింది."

"ఈ బరబర ఏమిటి?"

"కాలు ఈడ్చింది. మళ్లీ బొమ్మ వెయ్యండి, చూద్దాం."

మళ్లీ వేశారు. ఈసారి అందరికీ కనబడింది. నాలుగేళ్లుగా చప్పుడు కప్పిపుచ్చినదంతా తెర మీద బట్టలిప్పుకుని నిలబడింది. బొమ్మ వేసే కుర్రాడు కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నాడు. పౌడరు కింద గ్లెన్నిస్ ముఖం ఎర్రబడింది.

"ఈ మనిషికి డాన్సు రాదు," అంది గ్లెన్నిస్.

"అవునండి," అంది ఓజెల్లా తెర మీది కాళ్లను చూపిస్తూ. "రాదు."

కిందికి దిగి, బూట్లు మార్చుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తలుపు దగ్గర నా వైపు చూసింది. నేను కూడా నడిచి ఉండాల్సింది. అదే సమయానికి గ్లెన్నిస్ కాళ్లు నొప్పెడుతున్నాయంది. నేను వంగి ఆవిడ బూట్ల తాళ్లు విప్పాను. ఆ తర్వాత మరో మూడేళ్లు అక్కడే ఉన్నాను. ఇప్పటికీ సబ్బు నురగలో చేతులు పెడితే నా మీద నాకే రోత పుడుతుంది.

ఓజెల్లా వెళ్లిపోయినంత మాత్రాన అక్కడేమీ ఆగలేదు. వారం తిరక్కుండా అవెన్యూ నుంచే ఇంకో పిల్లను తెచ్చి ఆ డాన్సు పూర్తిచేశారు. క్లోవిస్‌కి అలాంటివే మరో రెండు వేషాలిచ్చారు. తర్వాత జనానికి మొహం మొత్తిందని పిలవడం మానేశారు. వాడు యూరప్ వెళ్లి నాట్యశాలల్లో ఆడాడు. అక్కడొక సాయంత్రం కాళ్లు బారజాపి పడ్డవాడు లేవలేదు. మోకాలు పోయింది.

ఓజెల్లా చెప్పుల దుకాణం మేడ మీద డాన్సు బడి పెట్టింది. ముప్ఫై ఏళ్లు నడిపింది. ఆ బడిలో అద్దం లేదు. అద్దముంటే పిల్లలు కాళ్లను వదిలేసి మొహాలు చూసుకుంటారనేది. పిల్లలు గోడవైపు తిరిగి ఆడేవాళ్లు. ఆమె కళ్లు మూసుకుని, ఎవరి కాలు ఎక్కడ తప్పిందో పేరు పెట్టి చెప్పేది.

యాభై ఏడులో క్లోవిస్ కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. అప్పటికి లూటీ పిన్ని లేదు. ఓజెల్లా వెనక గది ఖాళీ చేసి ఇచ్చింది. మూడు పూటలా వండి పెట్టింది. కొన్నాళ్లకు వాడు బడిలో చిన్నపిల్లలకు నేర్పుతానన్నాడు.

"కాళ్లు నేర్పు. ఆ నవ్వు నేర్పావంటే మెట్ల మీంచి తోసేస్తాను," అంది.

వాడు కాళ్లే నేర్పాడు. ఓపిగ్గా, బాగా నేర్పాడు. చర్చి స్వర్ణోత్సవానికి టాలివర్ అక్కాతమ్ముళ్లు, కర్రతోనైనా సరే, మళ్లీ కలిసి ఆడాలని పాస్టరుగారు స్వయంగా ఇంటికొచ్చి అడిగారు. అన్నం పెట్టి ఆదరించినదానివి, క్షమించేశావనే అనుకుంటున్నాం అన్నారు.

"ఆకలికి అన్నం పెట్టాను పాస్టరుగారూ. పక్కన ఆడాలంటే వాడి మొహం చూడాలి," అంది ఓజెల్లా. ఆయనకు కాఫీ ఇచ్చి పంపింది.

ఒక మధ్యాహ్నం బడి వదిలాక మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను, "నిన్ను ఆ గదికి తీసుకెళ్లింది నేనే కదా."

"నువ్వే."

"నా మీద ఎప్పుడూ అసహ్యం వెయ్యలేదా?"

"వేసింది. ఓ ఏడాది నీ మొహం చూడబుద్ధి కాలేదు. నన్ను తీసుకెళ్లినందుకు కాదు. ఆ రోజు ఆవిడ కాళ్ల దగ్గర వంగావు చూడు, అందుకు."

"తర్వాత?"

"తర్వాత బడిలో నలభై మంది పిల్లలయ్యారు. తీరిక లేకపోయింది," అని కిటికీలు మూయడానికి లేచింది.

ఓజెల్లా డెబ్బై ఎనిమిది వేసవిలో పోయింది. చర్చి నిండిపోయింది. ఆమె దగ్గర నేర్చుకుని ముసలివాళ్లయినవాళ్లు కూడా వచ్చారు. తమ్ముడిగా రెండు మాటలు చెప్పమని పాస్టరు పిలిస్తే క్లోవిస్ కర్ర మీద లేచాడు.

"మా అక్క నలభై ఏళ్లకు పైగా నాకు దూరంగా ఉండి ఆడింది. ఒక్కసారి కూడా నా పక్కన ఆడలేదు," అన్నాడు. "ఆవిడే రైటు."

అని కూర్చున్నాడు. ఎవరూ ఆమెన్ అనలేదు. తర్వాత కింద భోజనాల దగ్గర మనుషులు పళ్లేలు పట్టుకుని అటూ ఇటూ సర్దుకున్నారు. అతని పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నేను వెళ్లి అందులో కూర్చున్నాను.